పాత రాజభవనం ప్రభుత్వ అతిథి గృహం ఎలా అవుతుంది? బెర్లిన్‌లోని షోన్‌హౌజెన్ ఉదాహరణగా

ప్రశ్న ఇది: నియంతృత్వ ప్రభుత్వాలు పాత రాజభవనాలను విదేశీ అతిథుల కోసం ఎలా బాగుచేయించాయి, సామాను ఎక్కడ తెచ్చాయి, ఇదంతా ఆర్భాటమేనా? ఇరవయ్యో శతాబ్దపు యూరప్‌లో ఇలాంటి భవనాలు అరడజను పైనే ఉన్నాయి. అన్నిటినీ కలిపి చెబితే ఒక్కటీ సరిగా అర్థం కాదు. అందుకని తూర్పు జర్మనీ ప్రభుత్వం వాడిన షోన్‌హౌజెన్‌ను తీసుకుని, మిగతావాటిని అవసరమైనచోట పక్కన పెట్టి చూపిస్తాను.

ముందే ఒక మాట. ఇలాంటి భవనం చూడ్డానికి వెళ్ళినవాళ్ళ తలలు నేరుగా షాండ్లియర్ వైపు లేస్తాయి. షాండ్లియర్ చెప్పేది తక్కువ. బాత్రూం ఎక్కడ పెట్టారు, పనివాళ్ళు ఏ మెట్ల మీద తిరిగారు, ప్రహరీ ఎక్కడ కట్టారు, టెలిఫోన్ ఎవరి చేతిలో ఉంది? అసలు కథ అక్కడ ఉంటుంది.

షోన్‌హౌజెన్ బెర్లిన్‌కు ఉత్తరాన, పాంకో ప్రాంతంలో ఉంది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1740లో గద్దెనెక్కగానే దీన్ని భార్య ఎలిజబెత్ క్రిస్టీన్‌కు ఇచ్చేశాడు. ఆయన తన మకాం పోట్స్‌డామ్‌లో పెట్టుకున్నాడు, ఆవిడ ఏళ్ళ తరబడి వేసవులు ఇక్కడ గడిపింది. 1760లో, ఏడేళ్ళ యుద్ధంలో సైనికులు భవనాన్ని దోచి పాడుచేస్తే, 1764లో యోహాన్ బౌమన్ మళ్ళీ కట్టాడు. పై అంతస్తు హాల్లోని రొకోకో (వంపులు, తీగలు, గవ్వల అలంకారాలు నిండిన పద్దెనిమిదో శతాబ్దపు శైలి) గారపని యోహాన్ మిఖాయేల్ గ్రాఫ్ చేసింది. నాజీల కాలంలో 'దిగజారిన కళ' అని ముద్రవేసి మ్యూజియంల నుంచి లాక్కున్న చిత్రాల్లో, విదేశాల్లో అమ్ముడుపోతాయనుకున్నవాటిని 1938 నుంచి ఇక్కడే నిల్వ పెట్టారు. 1949లో తూర్పు జర్మనీ ఏర్పడ్డాక మొదటి అధ్యక్షుడు విల్హెల్మ్ పీక్ దీన్ని కార్యాలయం చేసుకున్నాడు. 1960లో ఆయన చనిపోయాక అధ్యక్ష పదవినే ఎత్తేసి రాజ్య మండలి అనే సంస్థ పెట్టారు. దానికి నగరం నడిమధ్యలో కొత్త భవనం 1964లో పూర్తయ్యేదాకా అదీ ఇక్కడే నడిచింది. ఆ తర్వాత 1960ల నడుమ దీన్ని అతిథి గృహంగా మార్చారు.

ఇక్కడో వింత ఉంది. 1950లో ఇదే ప్రభుత్వం నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద రాజభవనాన్ని డైనమైట్ పెట్టి కూల్చేసింది. అదే ప్రభుత్వానికి అదే రోజుల్లో షోన్‌హౌజెన్ ముద్దొచ్చింది. పాత రాజుల మీద కోపమైతే రెండూ పోవాలి కదా. తేడా ఎక్కడుందంటే, ఊరి మధ్య భవనం రోజూ అందరి కళ్ళబడే గుర్తు, పైగా ఊరేగింపులకు ఆ స్థలం కావాలి. పాంకో భవనం చెట్ల మధ్య ఓ మూలన ఉంది, యుద్ధంలో పెద్దగా దెబ్బతినలేదు, నాయకుల ఇళ్ళు పక్క వీధుల్లోనే ఉన్నాయి. సిద్ధాంతం కంటే పైకప్పు బాగుందా లేదా అన్నదే అక్కడ నెగ్గింది.

అతిథి గృహం తయారయ్యేనాటికి వచ్చే అతిథులు మాత్రం కొద్దిమందే. తూర్పు జర్మనీని గుర్తించిన దేశంతో సంబంధాలు తెంచుకుంటామని పశ్చిమ జర్మనీ అప్పట్లో బెదిరిస్తూ ఉండేది. అందువల్ల సోషలిస్టు కూటమి బయటి దేశాధినేత ఎవరైనా వచ్చి ఒక రాత్రి పడుకున్నా అది ఆ ప్రభుత్వానికి విజయమే. పడకగది ఖర్చును విదేశాంగ ఖర్చుగా చూస్తేనే ఆ లెక్క అర్థమవుతుంది. మన దేశం తూర్పు జర్మనీని గుర్తించింది 1972 అక్టోబరులో. ఇందిరా గాంధీ 1976 జూలైలో అక్కడికి వెళ్ళారు. షోన్‌హౌజెన్ అతిథుల్లో ఆవిడ పేరు, ఫిడెల్ కాస్ట్రో, గడాఫీ పేర్లు కనిపిస్తాయి. చివరి పెద్ద అతిథి గోర్బచెవ్, 1989 అక్టోబరులో.

ఇక పని సంగతి. మొదట తేలాల్సింది గదుల వరస. పాత రాజభవనంలో గదులు రైలు పెట్టెల్లా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకుంటాయి, నడవా ఉండదు. రాజుల కాలంలో అది గొప్ప. ఎంత లోపలి గదిదాకా రానిచ్చారన్నదే మీ హోదా. అతిథి గృహానికి మాత్రం అదే చిక్కు. అతిథి నిద్రపోతుంటే టీ తెచ్చే మనిషి ఏ దారిన రావాలి? పాత భవనాల్లో దీనికి జవాబు గోడ మందంలోనూ పక్కనా దాగిన సన్నటి పనివాళ్ళ మెట్లు. వాటిని బాగుచేసి వాడుకుంటే సగం సమస్య తీరుతుంది. అనవసరమని మూసేస్తే ఆ తర్వాత ప్రతి ట్రేకీ, ప్రతి దుప్పటికీ అతిథి గది గుండానే దారి. షోన్‌హౌజెన్‌లో ముఖ్య అతిథికి పై అంతస్తులో ఒక వాటా కేటాయించారు. అయ్యగారికి ఒక పడకగది, అమ్మగారికి వేరే పడకగది, వాటికి బాత్రూములు, కూర్చుని మాట్లాడుకునే గదులు. పెద్ద సమావేశాలకు ఆవరణలోనే వేరే కట్టడం ఉంది. ఇది తెలివైన ఏర్పాటు. వంటశాల పొగ, టైపు మిషన్ల చప్పుడు, డ్రైవర్ల సిగరెట్లు ఇవేవీ 1764 నాటి గారపని దరిదాపుల్లోకి రావు.

బాత్రూం దగ్గర కాస్త ఆగాలి. పాత భవనాలను ఎక్కువగా చెడగొట్టేది అదే.

పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ భవనంలో పై అంతస్తు నేల చెక్క దూలాల మీద ఉంటుంది. దూలాల మధ్య పలకలు పరిచి, వాటిపైన మట్టో ఇసుకో నింపి, ఆపైన చెక్క నేల వేస్తారు. చప్పుడు కింద గదికి దిగకుండా ఆ మట్టి ఆపుతుంది. ఇప్పుడు దాని మీద పోత ఇనుము టబ్బు పెట్టారనుకోండి. టబ్బు సుమారు 120 కిలోలు, నీళ్ళు 180 లీటర్లు, మనిషి 80 కిలోలు. మొత్తం 380 కిలోలు నాలుగు కాళ్ళ మీద నిలుస్తుంది. కాళ్ళు దూలాల మధ్యలో పడితే పలక వంగుతుంది, టైల్స్ జాయింట్లు నెర్రెలిస్తాయి. అందుకని దూలాలకు అడ్డంగా ఇనుప కమ్మీలు వేసి, వాటి చివర్లు గోడలో కూర్చి, బరువును గోడకు ఎక్కించాలి.

రెండో చిక్కు మురుగు పైపు. 100 మిల్లీమీటర్ల పైపుకు మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వాటం కావాలి. బాత్రూంకీ నిలువు పైపుకీ 12 మీటర్ల దూరం ఉంటే, 2 సెంటీమీటర్ల చొప్పున 24 సెంటీమీటర్లు దిగాలి. అంటే దాదాపు దూలం ఎత్తంత. అప్పుడు ప్లంబర్ దూలాన్ని కోస్తాడు, లేదా కింద గదిలో ఫాల్స్ సీలింగ్ వస్తుంది. ఆ సీలింగ్ పైన ఏ కాలపు గారపని ఉందో ఇక ఎవరికీ కనిపించదు. దీనికి మందు ఒకటే. బాత్రూములన్నీ నిలువునా ఒకదానిమీద ఒకటి, పాత పొగగూడు పక్కనో పనివాళ్ళ మెట్ల పక్కనో పెట్టాలి. అతిథి పడకగది ఎక్కడ రావాలో చివరికి తేల్చేది ఈ నిలువు పైపే, ప్రోటోకాల్ అధికారి కాదు.

మూడోది లీకేజీ. కాంక్రీటు స్లాబులో నీరు కారితే మరక కనిపిస్తుంది. ఇక్కడ దూలాల మధ్య మట్టి స్పాంజిలా నీళ్ళు పీల్చుకుని ఏళ్ళ తరబడి దాచిపెడుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలబడితే కుళ్ళు బూజు పట్టుకుంటుంది. జర్మన్లు దీన్ని 'ఇంటి బూజు' అంటారు, ఆ పేరు వింటే అక్కడ తాపీమేస్త్రీలకూ చెమటలు పడతాయి. అది తాడు లాంటి పోగులతో ఇటుక గోడను కూడా దాటి అవతలి చెక్కను చేరుతుంది. బాత్రూం గోడ వైపు దూలపు కొస మెత్తబడిందంటే టబ్బు తీసి నేల తవ్వాల్సిందే. అందుకే పైపుల ముందు చేతులు పట్టేంత తలుపు వదలాలి. అందం కోసం టైల్స్‌తో మూసేస్తే మొదటి రిపేరుకే అంతా పగలగొట్టాలి.

తర్వాత వేడి. రాణి వేసవికి కట్టించుకున్న ఇల్లు చలికాలం రాయబారాలకు పనికిరావాలంటే రేడియేటర్లు తప్పవు. కిటికీల కింద గోడ లోపలికి ఉంటుంది కాబట్టి అక్కడ అమర్చి, ముందు జాలీ పలక పెడతారు. చూపుకు బాగుంటుంది, వేడి కొంత ఆ పలక వెనకే ఆగిపోతుంది. అసలు నష్టం గాలిలో జరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి పట్టుకోగల తేమ సుమారు 4.8 గ్రాములు. అదే గాలిని గదిలోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే దాని సామర్థ్యం 19 గ్రాములు దాటుతుంది. ఉన్న తేమ అంతే కాబట్టి సాపేక్ష తేమ 25 శాతానికి పడిపోతుంది. పాత చెక్కకు 50 నుంచి 60 కావాలి. మూడు రోజుల పర్యటన కోసం చల్లటి భవనాన్ని ఒక్కసారిగా వేడెక్కిస్తే పొదిగిన చెక్క నేల బద్దల మధ్య సందులొస్తాయి, వెనీర్ (పైన అతికించిన పలచటి చెక్క పొర) అంచులు లేస్తాయి, బంగారు రేకు కింది సుద్దపూత పెళుసుబారి రాలుతుంది. అతిథి వెళ్ళిపోయాక వేడి ఆపితే మళ్ళీ అంతా ఉబ్బుతుంది. వారం ముందునుంచి రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచాలి. రాజకీయ క్యాలెండర్ అంత ఓపిక పట్టదు. పర్యటన ఖాయమైందని ఫోన్ వచ్చిన రోజే బాయిలర్ మండుతుంది.

కరెంటు గురించి క్లుప్తంగా. రాగి కొరత వల్ల తూర్పు జర్మనీలో ఇళ్ళకు అల్యూమినియం తీగ విరివిగా వాడారు. స్క్రూ కింద నలిగిన అల్యూమినియం మెల్లగా జారుతుంది, పైన ఆక్సైడ్ పొర పడుతుంది, జాయింట్ వేడెక్కుతుంది. చెక్క దూలాలున్న చోట ఇది చిన్న విషయం కాదు. ఆ కాలపు కట్టడం ఏదైనా బాగుచేసేటప్పుడు జంక్షన్ పెట్టెలు ముందు తెరిచి చూడటం అందుకే.

గోడ బట్ట సంగతి చాలామంది 'పట్టు అంటించారు' అంటారు. అంటించరు. గోడకు సన్నటి చెక్కబద్దీలు కొట్టి, వాటిమీద మొదట నూలు అస్తరు బిగించి, ఆపైన పట్టు లాగి, అంచుల్లో మేకులు కొట్టి, మేకులు కనబడకుండా జరీ పట్టీయో పూత వేసిన చెక్క కమ్మీయో వేస్తారు. గోడకూ బట్టకూ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే గోడ చెమ్మ బట్టలోకి దిగి గోధుమరంగు మచ్చలు కడుతుంది. కొలత ఇలా వేస్తారు. గది 6 మీటర్లు బై 5 మీటర్లు, చుట్టుకొలత 22. కింద చెక్క పలక పోగా బట్ట ఎత్తు 3.2 మీటర్లు, మడతలకు 10 సెంటీమీటర్లు కలిపితే 3.3. పూల డిజైను 60 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వస్తుంటే పక్కపక్క ముక్కల్లో పువ్వు కలవాలి కనుక ఒక్కో ముక్క 3.6 మీటర్లు కోయాలి. బట్ట వెడల్పు 130 సెంటీమీటర్లయితే 17 ముక్కలు, మొత్తం 61.2 మీటర్లు. పాత పద్ధతిలో 54 సెంటీమీటర్ల మగ్గం బట్టయితే 41 ముక్కలు, 147.6 మీటర్లు. తలుపులు, కిటికీల లెక్క తీసేస్తే కొంత తగ్గుతుంది. కానీ తగ్గించి కొనకూడదు. మిగిలిన బట్టే రేపటి రిపేరు. మళ్ళీ నేయిస్తే రంగు తొట్టి మారుతుంది, గోడ మీద ఒక చారిక తేడాగా కనిపిస్తూనే ఉంటుంది. మన కంచిపట్టు కొనేవాళ్ళకు ఈ బాధ చెప్పక్కర్లేదు. కిటికీ పక్క ముక్క అయిదారేళ్ళలో వెలుస్తుంది, అందుకే తెల్లటి లోపలి తెరలు పగలంతా వేసే ఉంచుతారు. ఫొటోల్లో ఆ మెత్తటి వెలుతురు చూసి రాజసం అనుకుంటాం.

సామాను. ఈ ప్రభుత్వాలకు అందుబాటులో ఉన్న దారులు మూడు. ఒకటి, పాత రాజకుటుంబాల, జమీందారుల ఆస్తి. జర్మనీ తూర్పు భాగంలో 1945 భూసంస్కరణతో కోటల్లోని కుర్చీలు, చిత్రాలు పెద్దఎత్తున మ్యూజియం గోదాములకు చేరాయి. వాటి అసలు యజమానుల లెక్కలు ఈనాటికీ తేలుతూనే ఉన్నాయి. రెండోది, ఆక్రమించిన దేశాల నుంచి తెచ్చుకోవడం. నాజీలు చేసింది అది. మూడోది, కొత్తగా చేయించడం. షోన్‌హౌజెన్ అతిథి గదుల్లో కనిపించేది ఎక్కువగా ఈ మూడోది, పాత శైలిని అనుకరిస్తూ దేశంలోనే చేసిన ఫర్నిచర్. కార్మికుల రాజ్యం వంకర కాళ్ళ రొకోకో కుర్చీలు చేయించుకుందని నవ్వడం తేలిక. వాడకం వైపునుంచి చూస్తే కారణం ఉంది. అసలు పాత కుర్చీని జంతు చర్మపు బంకతో అతికిస్తారు. పొడి గాలిలో ఆ బంక విడిపోతుంది, భారీ మనిషి వెనక్కి వాలితే వెనక కాలు ఊడుతుంది. రాష్ట్రపతి స్థాయి మనిషిని అలాంటి కుర్చీలో ఎవరూ కూర్చోబెట్టరు. కొత్తగా చేస్తే లోపల డోవెల్ (జాయింట్లో దిగే చెక్క మేకు), స్ప్రింగు, పైకి మాత్రం పాత రూపం. ఒకే ఎత్తు కుర్చీలు జతలుగా దొరుకుతాయి. ఇద్దరు దేశాధినేతల కుర్చీల ఎత్తులో రెండు సెంటీమీటర్ల తేడా ఫొటోలో తెలుస్తుంది. దుబాసీలకు వెనక వేసే తేలిక కుర్చీలు కూడా అదే బట్టతో ఉండాలి. పాత సామానులో ఇలాంటి సెట్ దొరకదు. నా అభిప్రాయంలో అక్కడ చెడింది గదుల రంగుల జోడింపు, కుర్చీలు చేయించాలన్న నిర్ణయం కాదు.

బయటికి వద్దాం. తోటను 1950 ప్రాంతంలో రైన్‌హోల్డ్ లింగ్నర్ తీర్చిదిద్దాడు. అంతకంటే పెద్ద మార్పు ప్రహరీ. పార్కును రెండుగా చీల్చి, బయటి భాగం జనానికి, లోపలి భాగం భవనానికి వదిలారు. ముఖ్య అతిథుల భద్రత రాజ్య భద్రతా శాఖలోని వ్యక్తి రక్షణ విభాగానిది. అతిథికి ఇది మర్యాదగానే అనిపిస్తుంది. చెట్లు, నిశ్శబ్దం, పక్షులు. ఒక్కడే బయటికి నడిచి వెళ్ళి సిగరెట్ కొనుక్కునే వీలు మాత్రం లేదు.

ఆ చివరి మాట విలువ తెలియాలంటే ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ పక్కన క్లెస్‌హైమ్ చూడాలి. ఫిషర్ ఫాన్ ఎర్లాక్ 1700లో మొదలుపెట్టిన ఆర్చిబిషప్ భవనం అది. నాజీలు 1940 తర్వాత రైటర్, స్ట్రోమాయర్ అనే వాస్తుశిల్పులతో హిట్లర్ అతిథి గృహంగా మార్పించారు. ద్వారాల మీది రాతి గద్దలు ఇప్పటికీ ఉన్నాయి. 1944 మార్చి 18న హంగరీ పాలకుడు హోర్తీని చర్చలకని అక్కడికే పిలిచారు. ఆయన కోపంగా వెళ్ళిపోతానంటే ఉత్తుత్తి విమాన దాడి సైరన్ మోగించారు, బుడాపెస్ట్‌కు ఫోన్ లైన్ పోయిందన్నారు. రైలు కదలనిచ్చేసరికి హంగరీలోకి జర్మన్ సైన్యం దిగింది. అతిథి గృహపు టెలిఫోన్ స్విచ్‌బోర్డు గృహోపకరణం కాదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

బెర్లిన్‌లోనే ఉన్న బెల్‌వ్యూది మరో దారి. 1786లో ఫ్రెడరిక్ తమ్ముడు ఫెర్డినాండ్ కోసం కట్టిన ఆ భవనం 1935 నుంచి జానపద మ్యూజియం. 1938లో పాల్ బౌమ్‌గార్టెన్ చేత దాన్ని అతిథి గృహం చేయించారు. ఆయన చేసిన మార్పుల్లో చిన్నదిగా కనిపించే పెద్ద విషయం గుమ్మం. పక్కల ఉన్న రెండు పాత ప్రవేశాలకు బదులు నడిమధ్య ఒకే ద్వారం వచ్చింది. కార్లు వచ్చి ఆగాలి, కెమెరా ఒకచోట నిలబడాలి, ఆతిథ్యం ఇచ్చేవాడు ఒకే గుమ్మంలో కనిపించాలి. 1940 నవంబరులో సోవియట్ విదేశాంగ మంత్రి మొలోటోవ్ దిగింది ఇక్కడే. లాంగ్‌హాన్స్ 1791లో చేసిన అండాకారపు హాలు ఇన్ని మార్పుల తర్వాతా మిగిలింది.

స్పెయిన్‌లో, మాడ్రిడ్‌లోని మోంక్లోవా భవనం అంతర్యుద్ధంలో యుద్ధరంగం మధ్య పడి శిథిలమైంది. నియంత ఫ్రాంకో ప్రభుత్వం వాస్తుశిల్పి డియెగో మెండెస్‌తో పాత రాజశైలిలో మళ్ళీ కట్టించి విదేశీ అధినేతలకు కేటాయించింది. చారిత్రక భవనం అని బోర్డు ఉన్నా అది దాదాపు కొత్త కట్టడమే. రొమేనియాలో, బుఖారెస్ట్‌లోని కొత్రొచేని భవనానిది ఇంకా బాధాకరమైన కథ. పిల్లల సంఘపు భవనంగా ఉన్నదాన్ని 1970ల చివర అక్కడి నియంత చౌషెస్కూ అతిథి గృహంగా మార్చడం మొదలుపెట్టాడు. 1977 మార్చి 4 భూకంపం దెబ్బ కూడా దానికి తోడైంది. ఆ పనుల్లోనే 1984లో ఆవరణలోని పదిహేడో శతాబ్దపు చర్చిని కూల్చేశారు. గదులు బాగుచేసిన చేత్తోనే ఆ స్థలం పుట్టుకకు కారణమైన కట్టడాన్ని తీసేశారు.

ఆర్భాటమేనా అన్న ప్రశ్నకు ఒక పోలిక. ఫలక్‌నుమాను నిజాం కొనుక్కుని రాజ అతిథులకు వాడినప్పుడూ ఆర్భాటం ఉంది, 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఊరికే చేయించరు. అక్కడ ఆతిథ్యం ఇచ్చేవాడి సంపద కనబడాలి. షోన్‌హౌజెన్‌లో కనబడాల్సింది మేమూ ఒక దేశమే అన్న మాట. అందుకే గదులు అతిగా మెరవవు. విదేశీయుడికి తెలిసిన 'రాజభవనం' ఎలా ఉంటుందో సరిగ్గా అలా ఉండటానికి తాపత్రయపడతాయి.

1989 డిసెంబరు చివరి నుంచి ప్రభుత్వం, ప్రతిపక్షాలు కూర్చున్న రౌండ్ టేబుల్ చర్చలు ఈ ఆవరణలోని సమావేశ భవనంలోనే జరిగాయి. 1990 జూన్‌లో జర్మనీ ఏకీకరణ మీద రెండు జర్మనీలు, నాలుగు పెద్ద దేశాల మంత్రులు కలిసిన సమావేశాల్లో ఒకటీ ఇక్కడే. తర్వాత బాగుచేసినవాళ్ళ ముందు పెద్ద నిర్ణయం నిలిచింది: 1960ల పడకగదులు, బాత్రూములు పీకేసి రాణి కాలానికి వెళ్ళాలా? వాళ్ళు పీకలేదు. 2009 డిసెంబరులో తెరిచిన మ్యూజియంలో కింది అంతస్తు ఎలిజబెత్ క్రిస్టీన్‌ది, పైన పీక్ కార్యాలయం, అతిథుల వాటా. మీరు వెళితే పైకి ఎక్కగానే కిటికీల కింద జాలీ పలకల వెనక్కి తొంగి చూడండి, పొదుగు నేల బద్దల మధ్య సందులు గమనించండి, తర్వాత బాత్రూం ఏ గోడకు ఆనుకుని ఉందో, ఆ గోడ వెనక ఏముందో చూసుకోండి. షాండ్లియర్ చివర్లో చూడొచ్చు.